తీర్పుకు ముందే తేలిపోయే కేసులు

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు ఒకే తీర్పులో రెండు మాటలు చెప్పింది. వాకపల్లి కేసులో ముద్దాయిలైన 13 మంది గ్రేహౌండ్స్ పోలీసుల మీద నేరం రుజువు కాలేదు, వదిలేస్తున్నాం అన్నది మొదటి మాట. ఆ ఊరి మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వండి అన్నది రెండోది. వాళ్లు చెప్పింది కట్టుకథ అని కోర్టు అనుకుని ఉంటే పరిహారం దేనికి? నమ్మింది కాబట్టే ఇమ్మంది అనుకుంటే నేరస్థులెక్కడ? ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని కూడా కోర్టే పూరించింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని రాసింది, చర్యకు సిఫారసు చేసింది.

అప్పటికి పదహారో ఏడు నడుస్తోంది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన 21 మంది పోలీసుల్లో కొందరు తమపై అత్యాచారం చేశారని విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలంలోని ఆ చిన్న ఊరికి చెందిన 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. మావోయిస్టులు ఆడిస్తున్న నాటకమని పోలీసు శాఖ కొట్టిపారేసింది. సీఐడీ చేతికి వెళ్లిన కేసు అక్కడే మూతపడవలసింది. మహిళలు వెనక్కి తగ్గక మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి దాన్ని బతికించుకున్నారు. హైకోర్టు 2012లో 13 మందిపై మాత్రం విచారణ జరగనిచ్చింది. ఆరు నెలల్లో ముగించండని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయినా తీర్పు రావడానికి మరో అయిదేళ్లకు పైగా పట్టింది. తీరా చూస్తే ఫలానా మనిషే చేశాడని చూపే గుర్తింపు పరేడ్ ఒక్కటి కూడా 2007లో జరపలేదు. ఆ పోలీసుల్లో చేసినవాళ్లను వేలెత్తి చూపే అవకాశం ఆ మహిళలకు ఇవ్వకుండా, పదహారేళ్ల తర్వాత ఎవరు చేశారో చెప్పమంటే ఏ సాక్ష్యం నిలుస్తుంది?

బలవంతుడు ఇరుక్కున్న కేసు తీర్పు రోజున ఓడిపోదు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాసే చోట, ఆస్పత్రిలో పరీక్ష చేయవలసిన గంటల్లో, మొదటి వారంలోనే ఓడిపోతుంది. తర్వాత జరిగేదంతా, సుప్రీంకోర్టు జోక్యంతో సహా, ఆ మొదటి వారం మిగిల్చినదాన్ని ఏరుకోవడమే. ఇక్కడ బలం అంటే డబ్బు మాత్రమే అనుకోకూడదు. సాక్ష్యం ఎవరి చేతిలో పుడుతుందో ఆ చేతి మీద అదుపు ఉండడం బలం. ఆ చేయి పోలీసుది కావచ్చు, డాక్టరుది కావచ్చు, సినిమా యూనియన్‌దీ కావచ్చు. గత యాభై ఏళ్లలో గెలిచిన కేసులనూ ఓడిన కేసులనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనబడే తేడా ఇదే. దీన్నే కొలతగా పెట్టుకుని చూస్తాను.

తెలుగు నేల మీద ఈ చరిత్ర హైదరాబాద్‌లో, నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో మొదలవుతుంది. 1978 మార్చిలో రమీజాబీని స్టేషన్‌లో చెరిచారు. నిలదీసిన భర్తను, రిక్షా కార్మికుడైన అతన్ని కొట్టారు, అతను చనిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఒక్కటే: ఆమె మంచిది కాదు. అయినా కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరుకు వెళ్లింది. 1981లో అక్కడి కోర్టు అందరినీ వదిలేసింది. కమిషన్ నివేదిక కోర్టులో సాక్ష్యం కాదు. కోర్టుకు కావలసిన సాక్ష్యాన్ని పోగు చేసింది ముద్దాయిల సాటి పోలీసులే. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన పుట్టింది 1978లోనే. మన స్త్రీవాద ఉద్యమానికి తొలి పాఠం విశ్వవిద్యాలయంలో కాదు, పోలీస్ స్టేషన్ ముందు దొరికింది.

అదే 1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో ఇద్దరు పోలీసులను విడిచిపెట్టింది. మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ స్టేషన్‌లో 1972లో జరిగిన ఘటన అది. ఆమె ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ప్రతిఘటించలేదు, ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది తర్కం. రాత్రివేళ స్టేషన్ లోపల ఒక ఆదివాసీ పిల్ల ఎవరిని ప్రతిఘటించాలి? ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా కదిలాక 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారంలో తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటతోనే మొదలుపెట్టాలన్నారు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది.

ఇక అక్కడి నుంచి చట్టాలకు కొదవ లేదు. బాధితురాలి నడవడికను తవ్వే వెసులుబాటును సాక్ష్యాల చట్టం నుంచి తీసేశారు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2013లో ఎఫ్‌ఐఆర్ రాయని పోలీసును జైలుకు పంపే సెక్షన్ వచ్చింది. ఇలాంటి నేరాల్లో ప్రభుత్వోద్యోగిపై కేసు నడపడానికి పైఅధికారుల అనుమతి అక్కర్లేదన్నారు. రెండు వేళ్ల పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద శిక్షించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది.

కాగితానికీ గడపకూ మధ్య దూరం ఎంతో తెలియాలంటే భంవరీ దేవిని తలుచుకోవాలి. రాజస్థాన్‌లోని భతేరీలో ప్రభుత్వ గ్రామ కార్యకర్తగా బాల్యవివాహాన్ని అడ్డుకోవడం ఆమె ఉద్యోగ ధర్మం, అడ్డుకుంది. ఊళ్లో పైకులాల మగవాళ్లు 1992 సెప్టెంబరులో ఆమెపై సామూహిక అత్యాచారం చేశారన్నది కేసు. వైద్య పరీక్ష జరిగేసరికి రెండు రోజులు దాటిపోయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి జైపూర్‌కు, అక్కడి నుంచి మేజిస్ట్రేటు దగ్గరికి ఆమెను తిప్పారు. 1995లో సెషన్స్ కోర్టు ముద్దాయిలను వదిలేసింది. పైకులం మగవాళ్లు కిందికులం స్త్రీని ముట్టుకోరన్నది అందులో ఒక కారణం. ఆమె కష్టం ఆధారంగా ‘విశాఖ’ అనే సంస్థ వేసిన పిటిషన్ మీద 1997లో సుప్రీంకోర్టు నుంచి విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, వాటి మీద 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. ఆఫీసుల్లో అంతర్గత కమిటీలు ఏర్పడ్డాయి. ఆమె కేసులో అప్పీలు మాత్రం హైకోర్టులో దశాబ్దాలు పడి ఉంది, ఆలోగా ముద్దాయిల్లో కొందరు కాలం చేశారు. దేశంలో ఉద్యోగినులందరికీ చట్టం తెచ్చిపెట్టిన మనిషికి తన కేసులో శిక్ష దొరకలేదు.

ఇక గెలిచిన కేసుల సంగతి. 2002లో డేరా సచ్చా సౌదాకు చెందిన ఒక సాధ్వి పేరు లేకుండా ప్రధాని వాజ్‌పేయికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్ని తన పత్రికలో వేసిన సిర్సా పాత్రికేయుడు రామ్‌చందర్ ఛత్రపతిని ఆ ఏడాదే కాల్చారు. పంజాబ్ హర్యానా హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి సీబీఐకి అప్పగించకపోయి ఉంటే ఆ ఉత్తరం చిత్తుకాగితమే. డేరా వదిలి వెళ్లిన మహిళలను వెతికి పట్టుకోవడమే సీబీఐకి ఏళ్లు పట్టింది. చివరికి ఇద్దరు నిలబడ్డారు. 2017 ఆగస్టు 25న పంచ్‌కులా కోర్టు డేరా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌ను దోషి అన్న పూట జరిగిన అల్లర్లలో ముప్పై మందికి పైగా చనిపోయారు. ఇద్దరు ఆడవాళ్లు పదిహేనేళ్లు ఎవరికి ఎదురు నిలిచారో ఆ ఒక్కరోజు దేశానికి అర్థమైంది. శిక్ష ఇరవై ఏళ్లు. 2020 తర్వాత ఆయన పెరోల్, ఫర్లోల మీద పదిసార్లకు పైగా బయటికొచ్చాడు. తీర్పు గెలిచినా బలం జైలు గోడ దగ్గర ఆగిపోదు.

ఉన్నావ్ కేసులో నా కొలతకు అన్నివైపుల నుంచీ సాక్ష్యం దొరుకుతుంది, అందుకే కాస్త ఆగి చెబుతాను. 2017 జూన్‌లో తనపై ఎమ్మెల్యే కుల్‌దీప్ సింగ్ సెంగర్ అత్యాచారం చేశాడన్నది మైనరు బాలిక ఆరోపణ. నెలలు గడిచినా అతని పేరుతో కేసు కదల్లేదు. 2018 ఏప్రిల్ మొదట్లో ఎమ్మెల్యే మనుషులు ఆమె తండ్రిని కొట్టారు. పోలీసులు అరెస్టు చేసింది దెబ్బలు తిన్న తండ్రినే, తుపాకీ ఉందన్న కేసు పెట్టి. 8వ తేదీన ఆ అమ్మాయి లక్నోలో ముఖ్యమంత్రి నివాసం ముందు ఒంటికి నిప్పు పెట్టుకోబోయింది. మర్నాడే తండ్రి కస్టడీలో చనిపోయాడు. ఫిర్యాదు చేసిన ఇంటి మీద ఎదురు కేసు పెట్టడం మన ఊళ్లలోనూ కొత్త కాదు. రాజీకి రప్పించడానికి దాన్ని మించిన ఆయుధం లేదని ప్రతి స్టేషన్ రైటరుకూ తెలుసు. ఇక్కడ రాజీ కుదరలేదు, మనిషి పోయాడు. అప్పుడు గానీ కేసు సీబీఐకి పోలేదు, సెంగర్ అరెస్టు కాలేదు.

2019 జూలైలో, తమకు బెదిరింపులు వస్తున్నాయని ఆ కుటుంబం భారత ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఆయన బల్ల మీదికి చేరేలోగా, జూలై 28న, రాయ్‌బరేలీ దగ్గర నంబరు ప్లేటుకు నల్లరంగు పూసిన లారీ వాళ్ల కారును గుద్దింది. ఇద్దరు బంధువులు చనిపోయారు, ఆమె, ఆమె లాయరు తీవ్రంగా గాయపడ్డారు. కాపలాకు ఇచ్చిన పోలీసులు ఆ రోజు కారులో లేరు. (ఆ ప్రమాదం వెనుక కుట్ర ఉందన్న కేసులో సెంగర్‌ను కోర్టు తర్వాత డిశ్చార్జ్ చేసింది.) నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు కేసులను ఢిల్లీకి మార్చింది, రోజువారీగా విచారించి 45 రోజుల్లో ముగించమంది. ఆమె మంచం దిగలేని స్థితిలో ఉంటే ఎయిమ్స్ ఆస్పత్రిలోనే కోర్టు పెట్టి వాంగ్మూలం తీసుకున్నారు. 2019 డిసెంబరు 16న తీస్ హజారీ కోర్టు సెంగర్‌ను దోషిగా తేల్చింది, జీవితఖైదు వేసింది. తండ్రి చావు కేసులో మరో పదేళ్లు పడింది. చట్టం 2017లోనూ ఇదే, 2019లోనూ ఇదే. మారింది ఊరు, పోలీసులు, కోర్టు గది. దానికోసం ఒక ఇల్లు ముగ్గురిని పోగొట్టుకోవలసి వచ్చింది.

అప్పటి హాసన్ ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ కేసు ఇంత కాలం పట్టలేదు. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల వేళ వీడియోలు నిండిన పెన్‌డ్రైవులు ఊరంతా పంచారు. పోలింగ్ అయిన వెంటనే మాజీ ప్రధాని దేవెగౌడ మనుమడైన ప్రజ్వల్ దౌత్య పాస్‌పోర్టు మీద జర్మనీ వెళ్లిపోయాడు. తిరిగొచ్చి బెంగళూరు విమానాశ్రయంలో అరెస్టయ్యాడు. ఇంట్లో పనిచేసిన ఒక మహిళ ఫిర్యాదు మీద, చీర మీది ఆనవాళ్ల డీఎన్‌ఏ పరీక్షతో సహా ప్రత్యేక దర్యాప్తు బృందం కూర్చిన సాక్ష్యం మీద, 2025 ఆగస్టు 2న ప్రజాప్రతినిధుల ప్రత్యేక కోర్టు జీవితఖైదు వేసింది. త్వరగా ముగిసినందుకు సంతోషించాలి. కానీ ఆ రాష్ట్రంలో అప్పటికి ప్రభుత్వం ఎదుటి పార్టీది. కుటుంబం చేతిలో అధికారం ఉన్న రోజుల్లో ఆ మహిళ స్టేషన్‌కు వెళ్లి ఉంటే ఏమయ్యేదన్నది ఊహించుకోవలసిందే. పెన్‌డ్రైవులు పంచినవాళ్లు ఆడవాళ్ల మొహాలు కూడా చెరపలేదు; వాళ్లకు ఆ మహిళలు ఎన్నికల కరపత్రాలు. బలవంతుణ్ణి పట్టించిన తీరే బాధితులకు రెండో శిక్ష కావడం ఈ కేసులో మన పత్రికలు తగినంతగా అడగని ప్రశ్న.

స్టేషన్ ప్రమేయం లేని చోట కూడా ఇదే కథ, వేషం మారుతుందంతే. 2019లో సుప్రీంకోర్టు మాజీ ఉద్యోగిని అప్పటి ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్‌పై ఆరోపణ చేస్తే, విచారించింది ఆయన సహచర న్యాయమూర్తుల అంతర్గత కమిటీ. లాయరును తోడు తెచ్చుకోనివ్వలేదని ఆమె బయటికి వచ్చేసింది. ఆరోపణల్లో సారం లేదని కమిటీ తేల్చింది. నివేదిక ఎవరికీ చూపలేదు. 2020లో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు, అదే ఏడాది ఆయన రాజ్యసభకు వెళ్లారు. ఆరోపణ నిజమో కాదో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేని విధంగానే ఆ విచారణ జరిగింది.

రెజ్లర్ల సంగతి అందరూ టీవీల్లో చూశారు. ఒలింపిక్ పతకాలు తెచ్చినవాళ్లు 2023 జనవరిలో జంతర్‌మంతర్ దగ్గర కూర్చుంటే, సుప్రీంకోర్టు మెట్లెక్కాక గానీ ఏప్రిల్ 28న రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్‌పై ఎఫ్‌ఐఆర్ పడలేదు. మైనరు ఫిర్యాదు మీది పోక్సో కేసు 2025లో మూతపడింది. మిగిలిన కేసులో అభియోగాలు నమోదయ్యాయి. ఈలోగా 2024లో అతని లోక్‌సభ టికెట్టు కొడుక్కి ఇచ్చారు, కొడుకు గెలిచాడు. వేధింపు గురించి రాసిన ఆడవాళ్ల మీద పరువు నష్టం కేసు మరో దారి. కేంద్రమంత్రిగా పనిచేసిన ఎం.జె. అక్బర్ వేసిన కేసులో పాత్రికేయురాలు ప్రియా రమణి 2021లో నిర్దోషిగా బయటపడింది; స్త్రీ గౌరవాన్ని పణంగా పెట్టి ఒకరి పరువు కాపాడలేమన్న ఆ మేజిస్ట్రేటు మాట చాలామందికి ధైర్యమిచ్చింది. అయినా ఆమె ఖర్చు పెట్టిన రెండేళ్లకు పైబడిన కాలాన్ని ఎవరూ తిరిగివ్వరు.

సినిమా లోకంలో సాక్ష్యం ఎలా చెదురుతుందో కేరళ చూపింది. 2017లో ఒక నటిని కారులో ఎత్తుకెళ్లి దాడి చేసి వీడియో తీశారు. ఆ కేసు నడుస్తుండగా పలువురు సాక్షులు అడ్డం తిరిగారు, వాళ్లలో పరిశ్రమ వాళ్లూ ఉన్నారు. దాడి వీడియో ఉన్న మెమరీ కార్డును కోర్టు కస్టడీలో ఉండగానే ఎవరో తెరిచి చూశారని విచారణలో బయటపడింది. 2025 డిసెంబరులో దాడి చేసిన ఆరుగురికి ఇరవై ఏళ్ల శిక్ష పడింది. కుట్ర చేశాడన్న అభియోగం నుంచి నటుడు దిలీప్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ నటి తోటి మహిళలు పట్టుబట్టి వేయించిన హేమ కమిటీ 2019 చివర్లో ఇచ్చిన నివేదిక బయటికి రావడానికి 2024 ఆగస్టు దాకా ఆగాలి, అదీ కొన్ని పేజీలు తీసేశాక. మన దగ్గర 2018లో ఫిల్మ్ చాంబర్ ముందు ఒక నటి నిరసన చేసి నలుగురి నోళ్లలో పడ్డాక తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కేరళ నివేదిక వచ్చిన నెలలోనే, ఇక్కడి నివేదికనూ ప్రచురించమని నటి సమంత బహిరంగంగా అడిగితే గానీ అలాంటిది ఒకటి ఉందని ప్రేక్షకుల్లో చాలామందికి తెలియలేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ముద్దాయిలు బీదవాళ్లయినప్పుడు మనకు ఓపిక ఉండదు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర, పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో ముద్దాయిలైన నలుగురిని కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లాం. ఆ కాల్పులు కావాలని జరిపినవేనని సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. అప్పటికి పూలు వాడిపోయాయి. ఆ కాల్పులు జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లు ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. వచ్చినా వాకపల్లికి ఏం ఒరిగేది? గుర్తింపు పరేడ్ జరపని దర్యాప్తును 21 రోజుల్లో ముగిస్తే అదే ఫలితం త్వరగా వస్తుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగితే, పెద్దల ఇళ్ల కుర్రాళ్ల పేర్లు జనం నోళ్లలో నానాయి, ఏదీ రుజువు కాలేదు. పోలీసులు పట్టుకున్నది సరిగా నడవలేని ఒక పేద యువకుణ్ణి. అతను ఎనిమిదేళ్లు జైల్లో గడిపాక 2017లో హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఆ అమ్మాయి తల్లి మొదటి నుంచీ అతను చేయలేదనే అంటోంది. ఎవరినో ఒకరిని చూపాలన్న ఒత్తిడికి బలయ్యేది ఎప్పుడూ పలుకుబడి లేనివాడే.

కాబట్టి ఉరిశిక్షల గురించి వాదించే సమయంలో కాస్త సాక్షుల మీద పెడితే బాగుంటుంది. ఆధ్యాత్మిక గురువు ఆశారాం మీది అత్యాచార కేసుల్లో సాక్షుల మీద వరుసగా దాడులు జరిగి ముగ్గురు చనిపోయాక, ఆ కేసుల సాక్షులు వేసిన పిటిషన్ మీదే 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశానికంతటికీ వర్తింపజేసింది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ప్రతి రాష్ట్రం అలాంటి పథకం తేవాలన్న సెక్షన్ ఉంది. ఆ పథకానికి జిల్లాలో డబ్బెంత, మనుషులెందరు అని మన శాసనసభల్లో అడిగే ఎమ్మెల్యే నాకు కనబడాలి. అలాగే ముద్దాయి స్థానిక ప్రజాప్రతినిధో పోలీసో అయినప్పుడు దర్యాప్తు మొదటి రోజు నుంచే జిల్లా దాటాలి. ఎవరో నిప్పంటించుకుంటే తప్ప బదిలీ కాని పద్ధతి పద్ధతి కాదు.

అడగవలసినవాళ్ల లెక్క కూడా ఉంది. తమ అఫిడవిట్లలో మహిళలపై నేరాల కేసులున్నాయని రాసుకున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు 151 మంది అని 2024 ఆగస్టులో ఎన్నికల సంస్కరణల సంస్థ ఏడీఆర్ తేల్చింది. పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 21 మంది. ఇవి కేసులే, రుజువైన నేరాలు కావు. కొన్ని ధర్నాల దగ్గర పెట్టినవీ ఉంటాయి. అయినా టికెట్టు ఇచ్చేటప్పుడు పార్టీలు వాటిని చదివి ఉంటాయి.

సెంగర్ కేసు 2025 డిసెంబరులో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఢిల్లీ హైకోర్టు అతని శిక్షను నిలిపివేస్తూ, ఎమ్మెల్యే పబ్లిక్ సర్వెంట్ కిందికి రాడు కాబట్టి పోక్సోలోని కఠిన సెక్షన్ వర్తించదన్నది. స్టేషన్‌లో కానిస్టేబుల్, ఊళ్లో పట్వారీ ఆ నిర్వచనం కిందికి వస్తారు. వాళ్లిద్దరినీ ఒక ఫోన్ కాల్‌తో బదిలీ చేయించగల మనిషి రాడు. డిసెంబరు 29న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది, అతను జైల్లోనే ఉండిపోయాడు. స్టే వచ్చినంత మాత్రాన నిర్వచనం మారదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు కూడా అందులోకి వస్తారని పోక్సోలో ఒక వివరణ చేర్చడానికి కోర్టు కోసం ఆగనక్కర్లేదు, పార్లమెంటుకు ఒక పూట చాలు.